మువానషా ఇంటి వెనక గోడ

జనవరి 11

ఈ ద్వీపంలో పాత కట్టడాల్ని చూసుకునే మా ఆఫీసులో వాడకుండా మూలపడ్డ హాజరు పట్టీ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. పేర్లు రాసే గళ్లలో ఇది రాస్తున్నాను. ఇది ఎవరి కోసమూ కాదు.

పొద్దున ఎనిమిది మంది యాత్రికుల్ని ఊరు తిప్పాను. కోట, పాత సుంకం కచేరీ, మూతపడ్డ ఆస్పత్రి మెట్లు, చివర్లో ఎప్పటిలాగే నా చిన్ననాటి స్నేహితురాలు మువానషా ఇల్లు. ఉప్పు వ్యాపారి కట్టించిన సంగతి, గోవా వడ్రంగులు వచ్చి తలుపు చెక్కిన సంగతి, పగడపు రాయిని సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ కోసి తెచ్చిన సంగతి, అన్నీ చెప్పాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్నవే. నిద్రలో అడిగినా చెబుతాను. పెరట్లోకి తీసుకెళ్లినప్పుడు ఒక పెద్దాయన వెనక గోడ దగ్గర ఆగి, పగులులో వేలు పెట్టి నా వైపు చూశాడు. పైపూత ఎండకి చిట్లిందండీ అన్నాను.

పైపూతే. ఎనిమిదేళ్ల కిందట వేసిన సిమెంటు పూత. చిట్లదా మరి?

ఆయన వేలు రెండో కణుపు దాకా లోపలికి పోయింది.

జనవరి 12

పైపూతే.

జనవరి 14

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఎండ కూడా అలాగే ఉంది, ఊపిరాడనివ్వడం లేదు.

శిక్షణలో మాకొక పద్ధతి నేర్పారు. పగులుకి అడ్డంగా సన్నటి గాజు పలక అతికించాలి. గోడ కదిలితే గాజు విరుగుతుంది, కదలకపోతే ఉంటుంది. ఇవాళ వెళ్లి అతికించాను. మువానషా అలసంద పిండి కలుపుతూ, ఏమిటే అది అని అడిగింది. ఆఫీసు వాళ్లు ప్రతి ఇంటికీ పెట్టమన్నారని చెప్పాను. వేరే ఏ ఇంటికీ పెట్టలేదు.

గోడకి అవతల వాళ్ల అత్తగారి మంచం. రెండేళ్లుగా ఆవిడ లేవలేదు. గోడ చల్లగా ఉంటుందని మంచాన్ని దానికి ఆనించి వేశారు. కిటికీలోంచి నన్ను చూసి, మీ అమ్మ ఎలా ఉందే అని అడిగింది. అమ్మ పోయి పదకొండేళ్లు. బాగుందన్నాను.

జనవరి 15

గాజు బాగానే ఉంది.

జనవరి 16

బాగానే ఉంది. ఊరికే భయపడ్డాను.

జనవరి 18

దేర్సియో గారు గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఆయన రాజధాని నుంచి మా ఆఫీసుకి పై అధికారిగా వచ్చి ఏడాదిన్నర అయింది. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నన్ను గారూ అనే పిలుస్తాడు. ఊళ్లో ప్రమాదకరమైన ఇళ్ల జాబితా తయారు చేయాలట, మువానషా ఇంటి గురించి నివేదిక నేను రాయాలట. ఎందుకో ఆయన చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. కిందటేడు ఇలాగే రెండిళ్లు ప్రమాదమని ఖాళీ చేయించారు. ఆరు నెలలు తిరక్కుండా రెండూ హోటళ్లయ్యాయి. వాటిలో ఉన్నవాళ్లిప్పుడు కొబ్బరాకుపేటలో, వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నారు.

"మీ సంతకానికి విలువుందండీ అన్షియా గారూ. ఊళ్లో వాళ్లు నా మాట నమ్మరు, మీ మాట నమ్ముతారు," అన్నాడు.

ఆ ఇంటికి ఏ ప్రమాదమూ లేదు, నేను రాయను అని చెప్పి లేచి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఛాతీ నిండుగా అనిపించింది. చాలా ఏళ్ల తర్వాత.

జనవరి 19

మువానషాకి అంతా చెప్పాను. ఆమె పిండి చేతులతోనే నన్ను కావలించుకుంది. చిన్నప్పుడు ఒకే రాతి మీద గంధంలా చెక్క అరగదీసి, ఒకరి ముఖానికి ఒకరం ఆ తెల్లటి లేపనం పూసుకునేవాళ్లం. అప్పుడు కూడా ఇలాగే నా బట్టలు పాడుచేసేది.

ఆ ఇంటికి కాగితాలు లేవు. మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ఇంటి సొంతదార్లయిన తెల్లవాళ్లు తాళంచెవులు పనిపిల్ల చేతిలో పెట్టి ఓడెక్కారు. ఆ పనిపిల్లే ఈ అత్తగారు. యాభై ఏళ్ల కాపురం తప్ప వాళ్ల దగ్గర వేరే ఆధారం లేదు. మువానషా భర్త సయీదే వలకి వెళ్లి వచ్చాక నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరాడపిల్లలూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. కడుపు నిండా తినిపించి పంపారు.

పెరట్లోకి వెళ్లలేదు. చీకటి పడింది కదా.

జనవరి 23

ఏటా వచ్చే జనవరి వాన మొదలైంది. రెండు రోజులుగా ఆగలేదు. ఇవాళ గాజు చూశాను. విరిగింది.

వాళ్ల కోళ్లు ఆ గోడ వెంబడే తిరుగుతాయి. కోడి తగిలి ఉంటుంది.

జనవరి 24

ఈసారి కోడికి అందనంత ఎత్తులో పెట్టాను.

జనవరి 27

విరిగింది.

జనవరి 29

పన్నెండు మంది వచ్చారు. తలుపు గురించి వీధికి ఇవతలే నిలబెట్టి చెప్పాను. పెరడు చూపించలేదు. ఒకామె, పుస్తకంలో పెరట్లో బావి ఉందని రాశారే అంది. ఇవాళ ఇంట్లో ఆడవాళ్లు స్నానాలు చేస్తున్నారండీ అన్నాను. వరండాలో నిప్పు ఊదుతున్న మువానషాకి ఆ మాట వినబడింది. వాళ్లు వెళ్లాక అడిగింది.

"పట్టపగలు మా ఇంట్లో స్నానాలు చేసేదెవరే?"

నవ్వేశాను. ఆమె నవ్వలేదు. నా ముఖంలోకి కాసేపు చూసి మళ్లీ నిప్పు ఊదుకుంది.

ఫిబ్రవరి 2

అసుమానే మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఇది రాయడానికే ఇంతసేపు పట్టింది. మూడుసార్లు కలం పక్కన పెట్టి లేచాను.

ఎనిమిదేళ్లుగా ఆయన నాతో మాట్లాడలేదు. ఈ ద్వీపంలో సున్నం కాల్చడం, నానబెట్టడం, పగడపు రాతికి పుయ్యడం తెలిసినవాడు ఇప్పుడు ఆయనొక్కడే. అప్పట్లో మువానషా ఇంటి వెనక గోడ పూత రాలిపోతే మరమ్మతు పని మా ఆఫీసు చేపట్టింది. గోడ ఆరాలి, సున్నం గోతిలో మూడు నెలలు నానాలి, ఆగండి అన్నాడాయన. రెండు వారాల్లో రాజధాని నుంచి ఒక పెద్దమనిషి చూడడానికి వస్తున్నాడు. అప్పుడు పనుల బాధ్యత నాది. సిమెంటు వేయించాను. వద్దని చెప్పాడు, అందరి ముందూ చెప్పాడు. నువ్వు పాతకాలం వాడివి మేస్త్రీ అన్నాను. సంతకం పెట్టాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. పెద్దమనిషి వచ్చి గోడ పక్కన ఫొటో దిగాడు.

ఇవాళ వెళ్లేసరికి గోతి దగ్గర కూర్చుని కర్రతో సున్నం కలుపుతున్నాడు. తలెత్తలేదు.

"సున్నం కావాలా?"

"గోడ చూడాలి మేస్త్రీ."

"ఏ గోడ?"

"మీకు తెలుసు."

"నాకు తెలుసు. నీ నోటితో విందామని."

చెప్పాను. ఆయన ఇంకా చాలాసేపు కలిపాడు. చివరికి ఎల్లుండి వస్తానన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 4

వచ్చాడు. కిటికీ కొలతలు తీయాలని మువానషాకి నేనే చెప్పాను. ఆమె మేస్త్రీకి టీ పోసి, మా ఇంటికి మళ్లీ మంచి రోజులొచ్చాయంది.

తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల రాయి మోగింది, కొన్నిచోట్ల తడి మూట మీద కొట్టినట్టు చప్పుడు. మంచం వెనక కింది భాగంలో సిమెంటు పెచ్చు ఒకటి ఊడదీశాడు. లోపల రాయి లేదు. తడి పిండి ఉంది. అందులో మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి, తీసి, నాకు చూపించాడు. మాట్లాడకుండా పెచ్చు మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టి, వీధి చివరికొచ్చాక చెప్పాడు.

ఈ రాతికి చెమట పడుతుందట. సున్నమైతే దాన్ని ఆరనిస్తుంది. సిమెంటు దాని నోరు మూసింది. ఎనిమిదేళ్ల వాననీళ్లు లోపలే ఉండి రాయిని తినేశాయి. ఆ గోడ ఈ వానలు దాటదు. ముందు మనుషుల్ని బయటికి తేవాలి. తర్వాత దూలాల కింద మడ చెట్ల కర్రలు ఏడు నిలబెడితే పైకప్పన్నా దక్కుతుంది. తర్వాత సిమెంటంతా ఒలిచి మళ్లీ కట్టుకోవచ్చు.

"మువానషాకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"నేనే చెబుతాను."

"రేపు?"

"రేపు."

ఫిబ్రవరి 5

చెప్పలేదు. వాళ్ల చిన్నపిల్లకి జ్వరం.

ఫిబ్రవరి 6

చెప్పలేదు. ఎలా చెప్పను? ప్రమాదమని నా నోటి నుంచి వస్తే దేర్సియోకి కావలసిందే నేను చేసినట్టు. ఇల్లు ఖాళీ చేస్తే మళ్లీ అందులోకి రానిస్తారా? ఆమె మంచి కోసమే ఆగుతున్నాను. బాగా ఆలోచించి, దారి వెతికి చెప్పాలి.

ఫిబ్రవరి 7

నిన్న రాసింది చదివాను. అబద్ధం. ప్రమాదం లేదని ఆఫీసులో లేచి నిలబడి చెప్పింది ఆమె కోసం కాదు. సిమెంటు కాగితం మీద ఎవరి సంతకం ఉందో ఎవరూ వెతక్కుండా ఉండడానికి. ఆ రోజు ఛాతీ నిండిందని రాసుకున్నాను. ఆ పేజీ చించేద్దామనుకున్నాను. ఉండనీ.

మేస్త్రీ వీధిలో ఎదురై ఆగాడు. నేను పక్క సందులోకి తిరిగాను.

ఫిబ్రవరి 8

చెప్పాను.

వాన కొంచెం తెరిపిచ్చింది. పిల్లలు బడికి వెళ్లారు. మువానషా నూనె పొయ్యి మీద పెట్టబోతుంటే, ఆగు, ఇటు కూర్చో అన్నాను. గోడ పడిపోతుంది, అత్తగారిని ఇవాళే తీసుకెళ్లాలి అన్నాను. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"హోటలు వాళ్లు నిన్ను కూడా తీసుకున్నారా?"

"కాదే. మేస్త్రీని అడుగు."

"మూడు వారాల కింద ఈ గుమ్మంలోనే కూర్చుని ఏ ప్రమాదమూ లేదన్నావు. నా పిండి చేతులు నీ వీపు మీదుండగా అన్నావు."

"తెలిసే అన్నాను. సిమెంటు వేయించింది నేను. వద్దని మేస్త్రీ మొత్తుకున్నా వినకుండా సంతకం పెట్టింది నేను. గోడని తినేసింది అదే."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మా అత్త తల ఆ గోడకి ఆనించి పడుకుంటుంది. ప్రతి రాత్రీ. నీకు తెలుసు."

"తెలుసు."

"లే. నా గుమ్మంలోంచి లే."

లేచాను.

ఫిబ్రవరి 9

ఇంట్లో కూర్చుని నివేదిక రాశాను. గోడ పడిపోయే స్థితిలో ఉంది. కారణం సిమెంటు పూత. వేయించిన అధికారి పేరు, తేదీ. నా పేరే. మొదట ఆఫీసు వేయించింది అని రాశాను, కొట్టేసి మళ్లీ నా పేరు రాశాను. మనుషుల్ని వెంటనే బయటికి తేవాలి. ఇంటి ముందు భాగం గట్టిగా ఉంది. మరమ్మతు సున్నంతోనే జరగాలి. మరమ్మతు అయ్యాక యాభై ఏళ్లుగా కాపురమున్న ఆ కుటుంబమే తిరిగి అందులో ఉండాలి.

నాలుగు ప్రతులు రాశాను. రాజధానికి ఒకటి పోస్టు చేశాను. పేట పెద్దకి ఒకటి, మసీదులో ఒకటి ఇచ్చాను. పేట పెద్ద అక్కడికక్కడే పైకి చదివించుకున్నాడు. నా పేరొచ్చిన చోట ఆగి, ఇది నువ్వేనా అని అడిగాడు. నేనే అన్నాను.

నాలుగోది రేపు దేర్సియో గారికి.

ఫిబ్రవరి 10

మొదటి సగం చదివి సంతోషించాడు. నేను దారికొచ్చాననుకున్నాడు. రెండో సగం తీసేయమన్నాడు, నా పేరు కూడా తీసేయొచ్చన్నాడు, ఎందుకండీ మీకీ తలనొప్పి అన్నాడు. మిగతా మూడు ప్రతులు ఎక్కడున్నాయో చెప్పాను. ముఖం మారిపోయింది. రేపటి నుంచి రావద్దన్నాడు. బల్ల మీద నా బ్యాడ్జీ పెట్టి వచ్చాను.

ఫిబ్రవరి 11

సాయంత్రం మా గుమ్మం ముందు చప్పుడైతే చూశాను. సయీదే, ఇంకో ముగ్గురు జాలర్లు అత్తగారిని మంచంతో సహా మోసుకొచ్చారు. వెనకే మువానషా, చేతిలో ఆవిడ బట్టల మూట. మేస్త్రీ వెళ్లి పెచ్చు తీసి చూపించాక గానీ వాళ్లు నమ్మలేదట. ఏ గదిలో వేయాలో నన్ను అడగలేదు. నా ఇల్లు ఆమెకి తెలియనిదా, గాలి వచ్చే గది చూసి వేయించింది. ఆవిడ మందులు ఎప్పుడెప్పుడు వేయాలో గోడకి చెబుతున్నట్టు చెప్పింది. నా వైపు చూడలేదు.

మిగతావాళ్లు వరండాలోనూ ముందు గదుల్లోనూ ఉంటారట. ఇంట్లో మనిషి లేడంటే రేపే తాళం పడుతుంది. అది నిజం.

ఫిబ్రవరి 12

మేస్త్రీ కర్రలు తెప్పించి వెనక గది దూలాల కింద నిలబెడుతున్నాడు. ఇవాళ రెండు అయ్యాయి. సాయం చేయబోతే, ఆడదానివని కాదు, ఈ పని నీకు రాదు, అవతల ఉండు అన్నాడు. మళ్లీ మబ్బు పడుతోంది.

ఫిబ్రవరి 13

పడింది.

ఫిబ్రవరి 15

మొన్న మధ్యాహ్నం మూడు దాటింది. నేను అత్తగారికి గంజి తాగిస్తున్నాను. చప్పుడు పెద్దగా లేదు. బస్తాల్లోంచి ఇసక పోసినట్టు. తర్వాత అరుపులు. గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు.

వెనక గోడ మొత్తం పెరట్లోకి జారిపోయింది. మంచం ఉన్న చోట రాతి గుట్ట. పైకప్పు సగం వాలి కర్రల మీద ఆగింది. మేస్త్రీ నాలుగు నిలబెట్టాడు, ఐదోది నిలబెడుతుండగా పడింది. నడుము దాకా రాళ్లలో ఉన్నాడు. సయీదే, వీధివాళ్లు చేతులతో తవ్వారు. నేనూ తవ్వాను. నా పక్కన తవ్వుతున్నది మువానషా అని చాలాసేపటికి గానీ చూడలేదు. మేస్త్రీ కేకలు వేయలేదు, మిగతా నాలుగు కర్రలకీ ఎవరూ తగలకండ్రా అని మాత్రం చెబుతూనే ఉన్నాడు.

కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. పడవలో అవతలి ఒడ్డున ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లారు.

ఏడు కర్రలు కావాలన్నాడు. రోజుకి రెండు. ఐదో తారీకున చెప్పి ఉంటే పని తొమ్మిదిన మొదలై పన్నెండుకల్లా అన్నీ నిలబడేవి, ఆయన ఇంట్లో ఉండేవాడు. ఐదు, ఆరు, ఏడు. పెన్సిల్‌తో ఆ మూడు తేదీల చుట్టూ గీత గీశాను. ఎందుకు గీశానో తెలియదు.

ఫిబ్రవరి 16

ఐదు, ఆరు, ఏడు.

ఫిబ్రవరి 21

ఆస్పత్రికి వెళ్లాను. కాలు పైకి కట్టి పడుకోబెట్టారు. ఇక కర్ర లేకుండా నడవడట. ఆ మూడు రోజుల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఏడుపొచ్చింది.

"అయిందా? లెక్కలు నాకూ వచ్చు. నాకిప్పుడు కావలసింది ఏడుపు కాదు, కాళ్లున్న మనిషి. గోతిలో సున్నానికి రోజూ నీళ్లు పట్టాలి. ఎండితే చచ్చిపోతుంది. ఎవరు పడుతున్నారు?"

ఎవరూ పట్టడం లేదు.

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

మధ్యాహ్నం పడవకే తిరిగి వచ్చాను.

మార్చి 9

రోజూ పొద్దున నీళ్లు, కలపడం. చేతులు పగిలాయి. కొబ్బరి నూనె రాస్తే మండుతోంది. పగలంతా ఒకచోట నిలబడలేకపోతున్నాను, గోతి దగ్గర మాత్రం నిలబడగలుగుతున్నాను.

మార్చి 22

రాజధాని నుంచి ఉత్తరం పేట పెద్ద పేరున వచ్చింది. ఇంటి అమ్మకం ఆలోచన ఆపారట. కుటుంబం ఉండొచ్చు. మరమ్మతుకి సాయం చేయలేరు, ఊరివాళ్లే చేసుకోవాలి. దేర్సియో గారు ఆయన గదిలో ఆయన ఉన్నారు. నా ఉద్యోగం గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

ఏప్రిల్ 6

మేస్త్రీ వచ్చాడు. మువానషా వాళ్ల పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుని చేతికర్రతో చూపిస్తాడు, సయీదే కడతాడు, నేను సున్నం తొక్కుతాను, రాళ్లు మోస్తాను. గట్టిగా ఉన్న పాత రాళ్లు మళ్లీ వాడుతున్నాం. నేను కలిపిన మొదటి తట్టని చూసి ఆయన పారబోయించాడు. రెండోది కూడా. మూడోదాన్ని సయీదేకి ఇమ్మన్నాడు.

అత్తగారు ఇంకా మా ఇంట్లోనే. మువానషా రోజూ రెండుపూటలా వస్తుంది, తినిపిస్తుంది, వెళుతుంది. నాతో మాట లేదు. రెండు నెలలు.

మే 14

గోడ కిటికీ ఎత్తుకి వచ్చింది.

పొద్దున పదిమంది చూడ్డానికి వచ్చారు. ఆఫీసులో కొత్తగా చేరిన గైడు తీసుకొచ్చాడు, నేను ఎప్పుడో రాసిచ్చిన కాగితాలే బట్టీ పట్టాడు, తలుపు కథ బాగానే చెప్పాడు. పెరట్లోకి తెచ్చాక ఒకాయన, ఈ గోడ ఎందుకు పడిందని అడిగాడు. పెద్ద వానలండీ అన్నాడు గైడు.

మువానషా బట్టలు ఆరేస్తోంది. చేతిలో నడుముకి చుట్టుకునే కపులానా గుడ్డ అలాగే పట్టుకుని ఇటు తిరిగింది.

"వానొచ్చి పడలేదు. అదుగో, ఆ సున్నం తొక్కుతున్నావిడని అడగండి. ఆవిడ చెబుతుంది."

అందరూ నా వైపు చూశారు. మోకాళ్ల దాకా సున్నం. కాళ్లు తుడుచుకోకుండానే వెళ్లి నిలబడ్డాను. ఇరవై ఏళ్లు ఈ ఇంటి గురించి చెప్పిన నోటితోనే మొదలుపెట్టాను. ఈ గోడకి సిమెంటు పూయించింది నేనని చెప్పాను. వద్దన్న మనిషి ఆ కుర్చీలో కూర్చున్నాయన అని చెప్పాను. గాజు పలకల గురించి చెప్పాను, కోడి గురించి చెప్పాను. మూడు రోజుల గురించి కూడా. ఎవరూ ఫొటోలు తీయలేదు. మేస్త్రీ నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

అయిపోయాక వాళ్లలో ఒక అమ్మాయి మెల్లగా అడిగింది, ఇల్లు బాగయ్యాక ఇందులో ఏం పెడతారు, మ్యూజియమా, హోటలా అని.

దానికి జవాబు నేను చెప్పాల్సింది కాదు. మువానషా వైపు చూశాను. ఆమె కూడా నన్నే చూస్తోంది, ఇన్నాళ్లకి, సూటిగా.

"మేముంటాం," అంది.

తర్వాత బట్టలు దులిపి దండెం మీద వేసుకుంటూ, తట్ట ఎండిపోతోంది, వెళ్లి తొక్కు అంది నాతో.

వెళ్లి తొక్కాను.